అట్లాంటా నుంచి అలబామాకు: అమ్మానాన్నలతో హక్కుల బాటలో

అట్లాంటాలో ఉండే తెలుగువాళ్లకి లాంగ్ వీకెండ్ అంటే స్మోకీ మౌంటెన్స్, డెస్టిన్ బీచ్, పిల్లలుంటే ఓర్లాండో. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్. మాంట్‌గోమరీ, సెల్మా, బర్మింగ్‌హామ్ పేర్లు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి నోటా వినపడవు. ఐ-85 ఎక్కి నైరుతికి రెండున్నర గంటలు నడిపితే మాంట్‌గోమరీ వస్తుంది. నన్నడిగితే, ఈ దేశంలో స్థిరపడిన ప్రతి తెలుగు కుటుంబం నయాగరా కన్నా ముందు చూడాల్సిన ఊళ్లు ఇవి.

ఎందుకంటున్నానో చెప్తాను. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చింది. 1946లో చట్టం కాస్త మెత్తబడినా ఏడాదికి 100 మందికే కోటా. తలుపు నిజంగా తెరుచుకున్నది 1965 అక్టోబర్ 3న, అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టినప్పుడు. అంతకు రెండు నెలల ముందు ఓటు హక్కు చట్టం, ఆ ముందు ఏడాది పౌరహక్కుల చట్టం వచ్చాయి. ఈ మూడూ ఒకే ఊపులో వచ్చినవి. ఆ ఊపు తెచ్చినవాళ్లు నల్లజాతివాళ్లు. ఈ ఊళ్లలో దెబ్బలు వాళ్లు తిన్నారు, వీసాలు మనకొచ్చాయి.

మా బండిలో నాన్న, అమ్మ, నా భార్య, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి. నాన్న ఒంగోలు డిపోలో ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఈ రెండు సంగతులూ ప్రయాణం పొడుగునా పనికొచ్చాయి.

అట్లాంటా గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. ఆబర్న్ అవెన్యూలో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట ఉన్న నేషనల్ పార్కుకి టికెట్ లేదు, పార్కింగ్ కూడా ఉచితమే. నీటి కొలను మధ్య కింగ్, కొరెట్టా దంపతుల సమాధి, పక్కనే ఆయన పాస్టరుగా పనిచేసిన ఎబెనెజర్ చర్చి, సందర్శకుల కేంద్రం ముందు గాంధీ విగ్రహం. కింగ్ పుట్టిన ఇంటిని 2023 చివర్లో మరమ్మతులకి మూశారు. తెరిచారో లేదో చూసుకుని వెళ్లండి. ఒక పూట చాలు.

ఎబెనెజర్ చర్చిలో కూర్చున్నప్పుడు మా అమ్మాయికి ఒక కథ చెప్పాను. కింగ్ 1959లో భారతదేశం వచ్చి, కేరళలో దళిత పిల్లలు చదివే ఒక బడికి వెళ్లారు. అక్కడి ప్రిన్సిపాల్ ఆయన్ని పిల్లలకి పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన మీలాంటి అంటరానివాడు అన్నాడట. కింగ్‌కి మొదట మనసు చివుక్కుమంది. తర్వాత తన దేశంలో తనవాళ్లు బతికే తీరు తల్చుకుని, అవును, నేనూ అంటరానివాణ్నే అనుకున్నారు. 1965 జులై 4న ఇదే చర్చిలో ప్రసంగిస్తూ ఈ సంగతి ఆయనే చెప్పారు. నాన్న ఏమీ మాట్లాడలేదు కానీ, ఈ కథ ఆయన్ని వదల్లేదని తర్వాత తెలిసింది.

మాంట్‌గోమరీలో ముందు రోజా పార్క్స్ మ్యూజియం చూడండి. బస్సులో తెల్లవాళ్లకి సీటు వదలనందుకు 1955 డిసెంబర్ 1న ఆమెని అరెస్టు చేసిన చోటే కట్టారు. ఒక బస్సు నమూనా పెట్టి, దాని కిటికీల్లో ఆ సాయంత్రం జరిగింది వీడియోగా చూపిస్తారు. ఆ గదిలో నాన్న మొహం చూడాలి. ఆయనకి చరిత్ర కన్నా ముందు బస్సు కనపడింది. సీట్లు లెక్కపెట్టారు. ముందు పది సీట్లు తెల్లవాళ్లవి, ఖాళీగా ఉన్నా నల్లవాళ్లు కూర్చోకూడదు. మధ్య వరసల్లో కూర్చున్నా, తెల్లవాళ్లు ఎక్కువైతే డ్రైవరు చెప్పగానే లేవాలి. ఇంకా ఘోరం, నల్లవాళ్లు ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందకి దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాలి. వాళ్లు వెనక్కి నడిచేలోపు బండి కదిలించేసే డ్రైవర్లూ ఉండేవారు.

“టికెట్ డబ్బులు తీసుకుని ఎక్కించుకోకుండా పోతాడా?” అన్నారు నాన్న. “మా డిపోలో అయితే మర్నాటికి సస్పెండ్ చేసేవాళ్లు.”

“అడిగేవాళ్లు లేరు తాతయ్యా, అదే కదా,” అంది మా అమ్మాయి.

రోజా పార్క్స్ అరెస్టు తర్వాత 381 రోజులు ఆ ఊళ్లో నల్లజాతివాళ్లు బస్సెక్కలేదు. ప్రయాణికుల్లో నాలుగింట మూడొంతులు వాళ్లే. నాన్న వెంటనే డిపో కలెక్షన్ లెక్కలోకి వెళ్లిపోయారు: ఆ లెక్కన రూటు మీద డీజిలు ఖర్చు కూడా రాదు. బహిష్కారం ఊరికే పంతంతో నిలబడలేదు. దాదాపు 300 కార్లతో, ఎక్కే చోట్లూ దిగే చోట్లూ రాసి పెట్టుకుని, వాళ్లే ఒక రవాణా సంస్థ నడిపారు. మొదట్లో నల్లజాతి టాక్సీవాళ్లు బస్సు చార్జీకే, అంటే పది సెంట్లకే తీసుకెళ్లారు. రోజా పార్క్స్ కాళ్లు నొప్పి పుట్టి లేవలేదన్నది పిల్లల పుస్తకాల కథ. ఆమె అప్పటికే హక్కుల సంఘంలో కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఆమె కన్నా తొమ్మిది నెలల ముందు క్లాడెట్ కోల్విన్ అనే పదిహేనేళ్ల పిల్ల ఇదే ఊళ్లో సీటు వదలనని అరెస్టయింది. బస్సుల్లో వేర్పాటుని కొట్టేసిన కేసులో ఆ అమ్మాయి కూడా ఒక ఫిర్యాదుదారు. మా అమ్మాయి అక్కడ అందరికన్నా ఎక్కువసేపు నిలబడింది.

ఇక ఊళ్లో ప్రధానమైనవి ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ అనే న్యాయసహాయ సంస్థ కట్టిన మూడు చోట్లు. లెగసీ మ్యూజియం, లించింగ్ (మూకహత్య) మృతుల స్మారకం, నది ఒడ్డున శిల్పాల పార్కు. మేం వెళ్లినప్పుడు మూడింటికీ కలిపి టికెట్ 5 డాలర్లు. మధ్యలో తిప్పే షటిల్ బస్సుకి వేరే డబ్బు లేదు. అమెరికాలో 5 డాలర్లకి ఇంత విలువైనది నేనింకెక్కడా చూడలేదు. సిబ్బంది మర్యాద గురించి కూడా చెప్పాలి. అమ్మ నడక చూసి, మేం అడక్కముందే వీల్‌చైర్ తెచ్చారు. స్మారకం గుట్ట మీద ఉంటుంది కాబట్టి మోకాళ్లవాళ్లు మొహమాటపడకుండా అడిగి తీసుకోండి.

ఆ స్మారకంలో 800కి పైగా ఇనుప దిమ్మెలున్నాయి. ఒక్కో కౌంటీకి ఒకటి. 1877 నుంచి 1950 దాకా మూకలు చంపేసిన 4,400 మందికి పైగా మనుషుల పేర్లు వాటి మీద చెక్కారు. తుప్పు రంగు. మొదట మన ఎత్తునే నిలబడి ఉంటాయి, పేర్లు చదువుకుంటూ నడుస్తాం. పోనుపోను నేల కిందకి దిగిపోతుంది, దిమ్మెలు మాత్రం కప్పుకి వేలాడుతూ ఉంటాయి. కాసేపటికి తలెత్తి చూడాల్సి వస్తుంది. అప్పుడర్థమవుతుంది మనం చూస్తున్నదేమిటో. కొన్ని దిమ్మెల మీద ‘పేరు తెలియదు’ అని ఉంది. గోడ పొడుగునా చంపడానికి కారణాలు రాశారు. 1940లో లువర్న్ అనే ఊళ్లో జెస్సీ థోర్న్‌టన్‌ని చంపింది పోలీసుని ‘మిస్టర్’ అని పిలవనందుకు. 1933లో బర్మింగ్‌హామ్‌లో ఎలిజబెత్ లారెన్స్‌ని చంపింది తన మీద రాళ్లు రువ్విన తెల్ల పిల్లల్ని మందలించినందుకు. ఇవి అమ్మకి తెలుగులో చెప్పడం నా వల్ల కాలేదు. మా అమ్మాయి చెప్పింది, తనకొచ్చిన తెలుగులో.

లెగసీ మ్యూజియంలో ఫోటోలు తియ్యనివ్వరు. అదే మంచిదనిపించింది, ఎవరూ ఫోన్ ఎత్తరు కాబట్టి అందరూ చదువుతారు. హత్యలు జరిగిన చోట్ల నుంచి తెచ్చిన మట్టి గాజు జాడీల్లో పోసి, గోడ నిండా అరల్లో పేర్చారు. ఎర్రమట్టి, నల్లమట్టి, ఇసుక. నాన్న అక్కడ ఆగిపోయారు. “కారంచేడు మనూరికి ఎంత దూరం?” అని తనని తానే అడిగినట్టు అన్నారు. 1985 జులై 17న, తాగే నీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవకి ఆరుగురు దళితుల్ని చంపిన ఊరది. తన చిన్నప్పుడు మా ఊరి టీ హోటల్లో మాలపల్లె, మాదిగపల్లె వాళ్ల గ్లాసులు చూరుకి విడిగా ఉండేవని, తాగి వాళ్లే కడిగి పెట్టాలని మనవరాలికి అక్కడే చెప్పారు. నేనెప్పుడూ ఆయన నోట వినని మాటలవి. తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి అని బోర్డు పెట్టిన కుళాయిల ఫోటో చూసి వచ్చిన పిల్లకి ఇంక వివరించాల్సింది ఏమీ లేకపోయింది. అమెరికాలోని మన సంఘాలు పిల్లలకి కూచిపూడి, శతకాలు నేర్పుతున్నాయి. చాలా సంతోషం. ఈ గ్లాసుల సంగతి కూడా చెప్పాలి. లేకపోతే ఈ మ్యూజియం వాళ్లకి పరాయివాళ్ల గొడవగానే మిగిలిపోతుంది.

లెగసీ మ్యూజియానికి కనీసం మూడు గంటలు పెట్టుకోండి. శిల్పాల పార్కు 2024లో తెరిచారు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు 1870 జనాభా లెక్కల్లో రాయించుకున్న లక్షా 22 వేల ఇంటిపేర్లు ఒక గోడ మీద ఉన్నాయి. ఎండలో నడవాలి కాబట్టి పెద్దవాళ్లుంటే పొద్దున్నే వెళ్లడం నయం.

భోజనం సంగతి. శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. ఈ ప్రాంతంలో ఆకుకూరని మామూలుగా పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు, అలసందల్లో కూడా వేస్తుంటారు. అడిగితే విసుక్కోకుండా చెప్తారు. బెండకాయ వేపుడు, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంప దొరుకుతాయి. అమ్మకి బెండకాయ తెగ నచ్చింది. ఆ బెండకాయ ఆఫ్రికా నుంచి వచ్చిందేనని చెప్తే, “పోన్లే, తోడుగా అదన్నా వచ్చింది వాళ్లకి” అంది. కూలర్లో పులిహోర, పెరుగన్నం ఎటూ ఉన్నాయి.

బస మాంట్‌గోమరీ డౌన్‌టౌన్‌లోనే తీసుకోండి. కాస్త ఖర్చెక్కువైనా మ్యూజియాలకి నడిచి వెళ్లొచ్చు. మేం ఒక రాత్రి డబ్బు కలిసొస్తుందని హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. కింది అంతస్తు గది కావాలని ముందే రాసినా పైన ఇచ్చారు, లిఫ్ట్ లేదు. అమ్మ మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కింది. నాకు కోపం వచ్చింది, గట్టిగానే మాట్లాడాను. ఇలా గట్టిగా అడగగలగడం కూడా ఒకరు కొట్లాడి తెచ్చిందే. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక అట్లాంటాలో 216 గదుల హార్ట్ ఆఫ్ అట్లాంటా అనే మోటెల్ యజమాని, నల్లవాళ్లకి గది ఇవ్వనని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆ డిసెంబర్‌లో ఓడిపోయాడు. అంతకు ముందు నల్లజాతి కుటుంబాలు ప్రయాణం చేస్తే, ఏ ఊళ్లో ఎవరు గది ఇస్తారో, ఎవరు అన్నం పెడతారో చెప్పే గ్రీన్ బుక్ అనే గైడు వెంట పెట్టుకునేవి. 1936 నుంచి ముప్ఫై ఏళ్లు అది అచ్చవుతూనే ఉంది. లేకపోతే కార్లో పడుకోవాలి. ఈ దేశంలో ఇవాళ ఇన్ని మోటెళ్లు నడుపుతున్న మన గుజరాతీలు, వాటిలో దిగుతున్న మనం తెలుసుకోవాల్సిన కేసు అది.

మాంట్‌గోమరీ నుంచి సెల్మా 54 మైళ్లు. 1965 మార్చిలో ఓటు హక్కు కోసం ఉద్యమకారులు నడిచింది ఈ 80వ నంబరు రోడ్డు మీదే. మధ్యలో లౌండెస్ కౌంటీలో నేషనల్ పార్కువాళ్ల కేంద్రం ఉంది, తప్పకుండా ఆగండి. చాలామంది దాటిపోతారు. ఆ కౌంటీలో నల్లవాళ్లే చాలా ఎక్కువ, అయినా 1965 మొదట్లో వాళ్లలో ఒక్కరికీ ఓటు లేదు. ఓటుకి పేరు రాయించుకున్న కౌలుదార్లని భూస్వాములు ఇళ్లలోంచి వెళ్లగొడితే, వాళ్లు రోడ్డు పక్కన డేరాలు వేసుకుని ఉన్నారు. ఆ డేరాల చోటే ఈ కేంద్రం. పల్లెటూరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఎడ్మండ్ పెటస్ వంతెన మీద కారులో వెళ్తే ఏమీ తెలీదు, నడవాలి. వంతెన మధ్యలో ఎత్తుగా ఉంటుంది. నడినెత్తికి ఎక్కేదాకా అవతలి ఒడ్డు కనపడదు. 1965 మార్చి 7న దాదాపు 600 మంది ఇలా ఎక్కి, పైకొచ్చాకే కింద లాఠీలతో నిలబడ్డ పోలీసుల్ని చూశారు. చూసి కూడా దిగారు. పోలీసుల దెబ్బలకి, ముందు నడుస్తున్న జాన్ లూయిస్ తల పగిలింది. ఆయనే తర్వాత మా అట్లాంటా నుంచి 33 ఏళ్లు పార్లమెంటు సభ్యుడు. సెల్మా పేద ఊరు, 2023 జనవరిలో సుడిగాలి దెబ్బ కూడా తిన్నది. మూసేసిన దుకాణాలు చూసి ఫోటో దిగి పారిపోకండి. అక్కడే తినండి, అక్కడే కొనండి.

బర్మింగ్‌హామ్‌కి ఐ-65 మీద వెళ్తూ షెల్బీ కౌంటీ దాటుతాం. ఓటు హక్కు చట్టంలో గట్టి భాగాన్ని 2013లో సుప్రీంకోర్టు పనికిరాకుండా చేసింది ఈ కౌంటీ వేసిన కేసులోనే. రోడ్డు మీద ఆ సంగతి చెప్పే బోర్డేమీ నాకు కనపడలేదు, కారులో మనమే పిల్లలకి చెప్పుకోవాలి.

బర్మింగ్‌హామ్‌లో చూడాల్సినవన్నీ ఒకచోటే ఉన్నాయి, పెద్దవాళ్లకి సులువు. 16వ వీధి బాప్టిస్టు చర్చిలో 1963 సెప్టెంబర్ 15న బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, డెనిస్ మెక్‌నేర్‌కి పదకొండు. ఎదురుగా కెల్లీ ఇంగ్రమ్ పార్కు. ఆ మే నెలలో బడి మానేసి ఊరేగింపుకొచ్చిన పిల్లల మీదకి ఇక్కడే కుక్కల్ని, నీళ్ల గొట్టాల్ని వదిలారు. కాలిబాటకి రెండు వైపులా గోడల్లోంచి మీదకి దూకే కుక్కల శిల్పాలుంటాయి, మధ్యలోంచి నడవాలి. చిన్నపిల్లలు జడుసుకుంటారు, చెయ్యి పట్టుకోండి. పార్కు ఉచితం, చర్చి లోపల చూడాలంటే టూర్ టికెట్ తీసుకోవాలి.

రెండు రాత్రులుంటే ఇవన్నీ నింపాదిగా చూడొచ్చు. లెగసీ సైట్లు సోమ, మంగళవారాలు మూసి ఉంటాయి కాబట్టి శుక్రవారం బయల్దేరడం మేలు. అలబామా గడియారం మనకన్నా గంట వెనక, పొద్దున్నే బయల్దేరితే తెరిచే వేళకి అందుకోవచ్చు. పదేళ్ల లోపు పిల్లలుంటే లించింగ్ స్మారకం వద్దు, బస్సు మ్యూజియం, సెల్మా వంతెన చాలు. పన్నెండు దాటినవాళ్లని మాత్రం అన్నిటికీ తీసుకెళ్లండి. వీలైతే తాతయ్య, నాయనమ్మలతో కలిపి తీసుకెళ్లండి.