అమెరికన్ల అభిప్రాయం: ఏ సర్వే అంకెను నమ్మాలి?

గర్భస్రావం, తుపాకులు, వలసలు... విషయమేదైనా "అమెరికన్లలో ఇంత శాతం" అన్న వార్త కనబడగానే నేను ముందు చూసేది, జవాబిచ్చినవారిని ఎలా ఎంచుకున్నారని. ఎంతమందిని అడిగారన్నది తర్వాతి మాట. 1936 అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటిని లెక్కగట్టి రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్‌దే గెలుపు అంది. తీరా 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కు దక్కాయి.

ఫోను సర్వేల ప్రాభవం తగ్గింది. ప్యూ పరిశోధన సంస్థ ఫోను చేస్తే 1997లో 36 శాతం మంది జవాబిచ్చేవారు, 2018 నాటికి 6 శాతమే. అయినా గ్యాలప్ సంస్థ ఫోను సర్వేలను కొట్టిపారేయలేం. స్వలింగ వివాహాలకు మద్దతు 1996లో 27 శాతం, 2023లో 71 శాతం అని తెలిసింది ఏళ్ల తరబడి ఒకే విషయాన్ని అడుగుతూ వచ్చినందుకే.

నాకు అసలు అనుమానం, ఇష్టమున్నవారు తమంతట తామే చేరే ఆన్‌లైన్ సర్వేల మీద. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా వస్తుంది. కానీ చిన్నపాటి పారితోషికం కోసం చదవకుండానే టిక్కులు పెట్టేవారూ వాటిలో ఉంటారు. 2023 డిసెంబరులో అలాంటి సర్వే ఒకటి, 30 ఏళ్లలోపు అమెరికన్లలో 20 శాతం మంది నాజీలు చేసిన యూదుల మారణహోమాన్ని కట్టుకథ అంటున్నారని తేల్చింది. దేశమంతా గగ్గోలు. ప్యూ అదే ప్రశ్నను తన ప్యానెల్‌ను, అంటే మళ్లీ మళ్లీ అడిగేందుకు తాను ఎంచిపెట్టుకున్నవారిని, అడిగితే వచ్చింది 3 శాతం. ఇంకో పరీక్షలో, అణు జలాంతర్గామి నడిపే లైసెన్సు ఉందా అని ఆన్‌లైన్‌లో అడిగితే ఆ వయసువారిలో 12 శాతం మంది ఉందన్నారు! యువత గురించి సంచలన అంకె కనబడితే నేను ఈ జలాంతర్గాములనే తలచుకుంటాను.

ప్యూ ప్యానెల్‌లో మనంతట మనం చేరలేం. తపాలా చిరునామాల్లోంచి లాటరీ పద్ధతిలో ఎంచి, ఉత్తరం రాసి పిలుస్తారు. ఇంటర్నెట్ లేనివారికి ఒకప్పుడు ట్యాబ్లెట్ ఇచ్చేవారు, ఇప్పుడు ఫోనులో అడుగుతున్నారు. ఈ నెల జనం ఏమనుకుంటున్నారో తెలియాలంటే నా ఓటు దీనికే.

తరాల మార్పు తెలియాలంటే మాత్రం షికాగో విశ్వవిద్యాలయంలోని నార్క్ సంస్థ 1972 నుంచి జరుపుతున్న జనరల్ సోషల్ సర్వేకు సాటి లేదు. ఏళ్ల తరబడి ఇంటికెళ్లి, ఎదురుగా కూర్చుని, పాత ప్రశ్నలనే అడుగుతూ రావడం దాని బలం. నెమ్మది దాని లోపం. కోవిడ్ వల్ల 2021లో ఎక్కువగా ఆన్‌లైన్‌కు మారింది, ఆ తర్వాత ఇంటికెళ్లి అడగడంతో పాటు ఆన్‌లైన్ కూడా కొనసాగింది కాబట్టి 2021 నుంచి వచ్చిన అంకెలను పాతవాటితో పోల్చేటప్పుడు జాగ్రత్త.

మంచి సర్వేకూ అందని జనం ఉంటారు. 2022-23లో ప్యూ 7,006 మంది ఆసియా అమెరికన్లను అడిగింది. భారతీయ భాషల్లో హిందీకి చోటిచ్చింది, తెలుగుకు ఇవ్వలేదు. పిల్లల దగ్గర ఉంటూ ఇంగ్లీషు, హిందీ రాని మన పెద్దలు అందులో జవాబిచ్చే వీలే లేదు.