రెజిమెంట్ పేరు చెప్పి అమ్ముతున్న జపాన్ సైనిక టోపీలతో జాగ్రత్త

పాత జపాన్ సైన్యం టోపీ కోసం ఆన్‌లైన్ వేలంలో ఎవరైనా పాట పాడుతుంటే, దయచేసి ముందు ఇది చదవండి. నేను 62,000 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు పోయిన బాధ ఒకటైతే, ఆ టోపీని నిజమని నమ్మి మూడు నెలలు అద్దాల బీరువాలో పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించిన బాధ ఇంకొకటి.

మా నాయనమ్మ వాళ్ళు బర్మా కాందిశీకులు. 1942లో జపాన్ సైన్యం రంగూన్ మీదికి వస్తోందని తెలిసి, ఉన్నదంతా వదిలేసి విశాఖ చేరారు. ఆ మాటలు వింటూ పెరిగాను కాబట్టి బర్మా, ఇంఫాల్, కొహిమా యుద్ధాల గురించి ఏది దొరికినా చదువుతాను. అందుకే ప్రకటనలో ‘58వ పదాతి రెజిమెంట్’ అని చూడగానే మనసు ఆగలేదు. 1944 మార్చిలో మణిపూర్‌లోని సాంగ్‌షాక్ దగ్గర, ఏప్రిల్‌లో కొహిమాలో పోరాడిన రెజిమెంట్ అది.

ఇంటికి వచ్చింది ‘టైప్ 45’ అనే నమూనా టోపీ. ఖాకీ ఉన్ని గుడ్డ, చుట్టూ ఎర్ర పట్టీ, ముందు ఇత్తడి నక్షత్రం, కళ్ళ మీదికి వచ్చే తోలు చూరు. లోపల ‘షోవా 8’ (జపాన్ లెక్కలో ఏడు, అంటే 1933) అని తయారీ ముద్ర. ఆ పక్కన చేత్తో రాసిన రెజిమెంట్ పేరు, ఒక సైనికుడి పేరు. వీటితో పాటు అమ్మిన వ్యక్తి పంపిన ఒక కాగితం కూడా ఉంది. ఈ సైనికుడు 1933లో తకాదా బ్యారక్స్‌లో, 58వ రెజిమెంట్‌లో ఉండగా ఈ టోపీ పెట్టుకున్నాడని అందులో రాశారు.

ఆ కాగితమే అబద్ధాన్ని బయటపెట్టింది. నీగాటా ప్రాంతంలోని తకాదా 58వ రెజిమెంట్ సొంత ఊరే, అంతవరకు నిజం. కానీ 1925లో జపాన్ తన సైన్యాన్ని తగ్గించుకున్నప్పుడు నాలుగు డివిజన్లను రద్దు చేసింది. తకాదాలో ఉన్న 13వ డివిజన్ వాటిలో ఒకటి. అందులో భాగమైన 58వ రెజిమెంట్ కూడా అప్పుడే పోయింది. చైనాతో యుద్ధం మొదలయ్యాక 1937లోనే దాన్ని మళ్ళీ ఏర్పాటు చేశారు. అంటే 1933లో అసలు ఆ రెజిమెంటే లేదు. గోదాములో ఉన్న పాత టోపీని 1937 తర్వాత ఇచ్చి ఉండొచ్చు కదా అని మీరు అడగవచ్చు, నేనూ మొదట అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ కాగితంలో సంవత్సరం, ఊరు స్పష్టంగా ఉన్నాయి.

అప్పుడు టోపీని మళ్ళీ బయటికి తీశాను. తడిపి పిండిన తెల్ల గుడ్డతో లోపలి అస్తరు మీద మెల్లగా రుద్దితే గుడ్డకు గోధుమ రంగు అంటుకుంది, టీ డికాషన్ వాసన వచ్చింది. భూతద్దం పెట్టి ముద్రను చూశాను. పాత వస్తువులో సిరా మీద మురికి పేరుకుని ఉండాలి. ఇక్కడ మురికి కింద ఉంది, సిరా దాని మీద ఉంది. చివరికి లైట్లు ఆపి యూవీ టార్చ్ వేస్తే చెమట పట్టీ (లోపల నుదుటికి తగిలే పట్టీ) కుట్టిన దారం కుట్టుకుట్టుకీ నీలం తెలుపుగా వెలిగింది. ఆ కాలపు నూలు దారం అలా వెలగదు. ఎవరైనా ఈమధ్య డిటర్జెంట్ పొడితో ఉతికి ఉంటే పాత గుడ్డ కూడా వెలుగుతుంది, కాబట్టి ఈ ఒక్క పరీక్షే పట్టుకుని తీర్పు చెప్పకండి. నా టోపీలో చుట్టూ ఉన్న అస్తరు వెలగలేదు, దారం ఒక్కటే వెలిగింది.

రెజిమెంట్ పేరు కలిస్తే ధర రెండింతలు, మూడింతలు అవుతుంది. మోసం జరిగేది అక్కడే. ఆ రోజుల్లో రెజిమెంట్ నంబర్లు కాలర్ మీద ఉండేవి, టోపీ మీద కాదు. టోపీని బయటి నుంచి చూసి గుర్తుపట్టగలిగేది ఇంపీరియల్ గార్డ్‌ను, అంటే చక్రవర్తి రక్షక దళాన్ని మాత్రమే, వాళ్ళ నక్షత్రానికి ఆకుల దండ ఉంటుంది. యుద్ధకాలంలో అసలు పేర్లు దాచి డివిజన్లకు మారుపేర్లు వాడేవారు. కొహిమాకు వచ్చిన 31వ డివిజన్ ‘రెత్సు’, అంటే ఉగ్రం. ఇంఫాల్ వైపు వచ్చిన 33వది ‘యుమి’, అంటే విల్లు. 15వది ‘మత్సురి’, అంటే పండుగ. సైనికులు టోపీ లోపల పేరు రాసుకున్న మాట నిజమే, కానీ సిరా ఎవరైనా కొనుక్కోవచ్చు.

కొత్తవాళ్ళు సంవత్సరాల దగ్గర కూడా పొరబడుతున్నారు. టైప్ 45 అంటే 1945 కాదు, మేజీ చక్రవర్తి పాలనలో 45వ ఏడు, అంటే 1912. టైప్ 90 ఇనుప టోపీలోని 90 జపాన్ సామ్రాజ్య శకం 2590 నుంచి వచ్చింది, మన లెక్కలో 1930. షోవా సంవత్సరానికి 1925 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ముద్రలో, కథలో ఉన్న ఏడును రెజిమెంట్ చరిత్రతో పోల్చి చూడటానికి అర నిమిషం చాలు. నేను ఆ అర నిమిషం పెట్టలేదు.

డబ్బు కట్టేముందు చెమట పట్టీ తిప్పి తీసిన ఫొటో, ముద్రకు దగ్గరగా తీసిన ఫొటో, నక్షత్రం వెనక వైపు ఫొటో అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. వస్తువు చేతికి వచ్చిన వారంలోపే పరీక్షలన్నీ చేసేయండి. నేను చేసేసరికి వాపసు గడువు దాటిపోయింది. మెయిల్ పెడితే ‘ఉన్నది ఉన్నట్టు అమ్మాను’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

తర్వాత ఆ అమ్మకందారు పాత ప్రకటనలన్నీ తీసి చూశాను. మూడు టోపీలు, మూడు వేర్వేరు రెజిమెంట్లు, చేతిరాత మాత్రం ఒకటే. జపనీస్ చదివిన మా ఆఫీసు స్నేహితురాలికి చూపిస్తే, ‘పది’ అనే అక్షరంలో నిలువు గీత మూడింటిలోనూ ఒకేలా ఎడమకు వంగిందని చూపించింది. నా టోపీలో రాసిన ఆ పేరుగల మనిషి అసలు పుట్టాడో లేదో కూడా ఇప్పుడు నాకు తెలియదు. కొహిమా నుంచి తిరిగి రాని వాళ్ళు నిజంగా వేలమంది ఉన్నారు. వాళ్ళ పేరు చెప్పి ఈ వ్యాపారం చేయడం నాకు మింగుడు పడటం లేదు.

ఈ రోజు అదే అమ్మకందారు ఇంకో టోపీ పెట్టారు. 1936లో 33వ డివిజన్‌లో పనిచేసిన సైనికుడిదట. ఆ డివిజన్ ఏర్పడింది 1939లో. ఇప్పటికే నలుగురు పాట పాడారు, ఆదివారం రాత్రి వేలం ముగుస్తుంది. ఆ నలుగురిలో మీరుంటే ఈలోపే ఆ ముద్ర ఫొటో అడగండి.