బెర్రీ పండ్లా, యాంటీఆక్సిడెంట్ మాత్రలా: ఏది మేలు?

కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులను అణిచే యాంటీఆక్సిడెంట్లు క్యాన్సర్‌ను ఆపుతాయని వినగానే చాలామందికి మాత్రల సీసానే గుర్తొస్తుంది. రోజూ పండ్లు కడుక్కుని తినడం కంటే ఒక మాత్ర మింగడం తేలిక కదా. అయినా నేను పండ్లనే తినమంటాను. ఎందుకో చెప్తాను.

మాత్రలను ఊరికే నమ్మలేదు, పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందితో ఒక అధ్యయనం జరిగింది. 1994లో ఫలితాలు చూస్తే, క్యారెట్‌కు రంగునిచ్చే యాంటీఆక్సిడెంట్ అయిన బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అమెరికాలో ఇలాంటిదే ఇంకో అధ్యయనంలో 28 శాతం పెరగడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. 2011లో విటమిన్ ఇ వంతు వచ్చింది: ఎక్కువ మోతాదులో తీసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించింది. మేలు కోరి మింగిన మాత్ర కీడు చేసిందంటే బాధగా ఉంటుంది.

మరి పండులో ఏముంది? బ్లూబెర్రీకి ఆ నీలం రంగునిచ్చే ఆంథోసయనిన్లు, రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీలలో ఉండే ఎలాజిక్ ఆమ్లం, వాటితోపాటు పీచు. వంద గ్రాముల రాస్ప్‌బెర్రీలో దాదాపు 6.5 గ్రాముల పీచు ఉంటుంది. ఆంథోసయనిన్లు రక్తంలోకి చేరేది చాలా తక్కువ, ఎక్కువ భాగం పేగుల్లోకే వెళ్తుంది. ఎలాజిక్ ఆమ్లాన్ని అక్కడి బ్యాక్టీరియా యూరోలిథిన్లు అనే వేరే పదార్థాలుగా మారుస్తుంది. అంటే ఇదంతా పండు, పేగు కలిసి చేసే పని. పరీక్షనాళికలో కొలిచిన యాంటీఆక్సిడెంట్ అంకెలు చూసి పండ్లకు ర్యాంకులు ఇవ్వడం అందుకే సరికాదు. అమెరికా వ్యవసాయ శాఖ కూడా అలాంటి పట్టికను 2012లో తొలగించింది.

నల్ల రాస్ప్‌బెర్రీ పొడి కలిపిన మేత తిన్న ఎలుకల్లో అన్నవాహిక కణితులు తగ్గాయి. మనుషుల్లో జరిగినవి మాత్రం చిన్న ప్రయోగాలే, కాబట్టి బెర్రీలు తింటే క్యాన్సర్ రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. సిగరెట్ మానకుండా బెర్రీలు తింటే సరిపోతుందనుకోవడం ఇంకా ప్రమాదం.

తాజావా, ఫ్రీజ్ చేసినవా అని టెన్షన్ వద్దు, రెండూ మంచివే. జ్యూస్ వడకడితే పీచు పోతుంది. జామ్‌లో చక్కెరే ఎక్కువ.

ఇప్పటికే క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ల సంగతి వేరు. రేడియేషన్, కొన్ని కీమో మందులు ఫ్రీ రాడికల్స్‌తోనే క్యాన్సర్ కణాలను చంపుతాయి. ఎక్కువ మోతాదు యాంటీఆక్సిడెంట్ మాత్రలు ఆ పనికి అడ్డుపడొచ్చు. అలాంటివి వాడుతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈరోజే మీ డాక్టర్‌కు చెప్పండి.