రైజెన్ 5 7600: ఆటల కంప్యూటరుకు పెట్టిన డబ్బుకు తగిన ప్రాసెసర్

ఆటల కోసం కంప్యూటరు కూర్చుకునేవారిలో చాలామంది ముందుగా ప్రాసెసర్‌ను ఎంచుకుని, చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటాను దానికే కేటాయించి, మిగిలిన దానితో గ్రాఫిక్స్ కార్డును సరిపెట్టుకుంటారు. ఈ వరుస తలకిందులు కావాలన్నది నా గట్టి అభిప్రాయం. తెర మీద బొమ్మను గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఏ వస్తువు ఎక్కడ ఉందో, ఏది దేనికి తగిలిందో లెక్కగట్టి, గీయవలసిన ఆదేశాలను సకాలంలో కార్డుకు అందించడం ప్రాసెసర్ బాధ్యత. కార్డు గీయగలిగినంత వేగంగా ఆదేశాలు అందుతూ ఉంటే చాలు, అంతకు మించి ప్రాసెసర్‌కు ఉన్న శక్తి ఆటలో అక్కరకు రాదు. ఈ దృష్టితో చూస్తే, మొదటి నుంచి కొత్తగా కంప్యూటరు కట్టుకునేవారికి 2023 జనవరిలో విడుదలైన ఏఎండీ రైజెన్ 5 7600 ఇప్పటికీ నిస్సంకోచంగా సిఫారసు చేయదగిన ప్రాసెసర్.

దీనిలో ఏఎండీ జెన్ 4 తరానికి చెందిన 6 కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), 12 థ్రెడ్లు (ఏకకాలంలో నడిచే పనుల వరుసలు), 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) ఉన్నాయి. మూల వేగం 3.8 గిగాహెర్ట్జ్, గరిష్ఠ వేగం 5.1 గిగాహెర్ట్జ్. దీని అన్న వరుస 7600ఎక్స్ 5.3 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది కానీ, దాని విద్యుత్ స్థాయి 105 వాట్లు, 7600ది 65 వాట్లే. ఆ కాస్త వేగం ఆడేటప్పుడు తెలియదు, వేడిలో తేడా మాత్రం తెలుస్తుంది. పైగా 7600 పెట్టెలో కూలర్ కూడా వస్తుంది, 7600ఎక్స్‌కు విడిగా కొనాలి. రెండింటి ధరలు దగ్గరగా కనిపించినప్పుడు ఈ కూలర్ ఖర్చును కలిపి చూడడం చాలామంది మరచిపోతారు. ఇందులో ఒక చిన్న గ్రాఫిక్స్ భాగం కూడా ఉంది. అది ఆటలకు పనికిరాదు, కానీ కార్డు పాడైన రోజున తెర వెలిగించి, లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికి ఎంతో ఉపయోగపడుతుంది. అది అక్కర్లేదనుకునేవారికి దాదాపు ఇదే వేగంతో 7500ఎఫ్ ఉంది. అది తక్కువ ధరకు దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఆరు కోర్లు సరిపోతాయా అన్న సందేహం తరచూ వినిపిస్తుంది. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ జెన్ 2 తరపు 8 కోర్లు ఉన్నాయి కాబట్టి కంప్యూటరులో కూడా ఎనిమిది ఉండాలన్నది ఆ సందేహానికి మూలం. అయితే ఆ ఎనిమిదిలో కొంత భాగం యంత్రాన్ని నడిపే వ్యవస్థకే పోతుంది. అంతకన్నా ముఖ్యంగా, జెన్ 4 కోరు ఒక్కొక్కటీ జెన్ 2 కోరు కన్నా ఎంతో వేగవంతమైనది. ఆటలో పని అన్ని కోర్లకూ సమానంగా పంచబడదు. ప్రధాన థ్రెడ్ ఒకటి ముందు నడుస్తుంది, తక్కినవి దాని ఫలితం కోసం కాచుకుని ఉంటాయి. అందువల్ల ఒక్క కోరు ఎంత చురుకైనది, దానికి దగ్గరలో ఎంత క్యాష్ ఉంది అన్న రెండు విషయాలే ఆటల వేగాన్ని ఎక్కువగా శాసిస్తాయి. ఆడుతూ ప్రత్యక్ష ప్రసారం చేసేవారికి కూడా ఆరు కోర్లు చాలు, ఎందుకంటే వీడియోను కుదించే పనిని ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులు తమలోని ప్రత్యేక విభాగంతోనే చేసుకుంటాయి. వీడియో ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్ వంటివి రోజువారీ వృత్తి అయినవారు మాత్రం ఎనిమిది కోర్లో అంతకు మించో చూసుకోవాలి.

ప్రాసెసర్‌ను అంచనా వేసేటప్పుడు సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేముల, అంటే బొమ్మల, సగటు సంఖ్యను మాత్రమే చూడడం చాలదు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు దొరుకుతాయి, 144 కావాలంటే 6.9 మిల్లీసెకన్లే. సగటు ఎంత బాగున్నా, జనసమ్మర్దం ఉన్న వీధిలోకి వాహనంతో వేగంగా దూసుకెళ్లిన క్షణంలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు తీసుకుంటే కంటికి ఆ కుదుపు వెంటనే దొరికిపోతుంది. ఈ కుదుపులను కొలిచేందుకే సమీక్షకులు అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల లెక్కను విడిగా ఇస్తారు. ప్రాసెసర్ల మధ్య నిజమైన తేడా అక్కడే బయటపడుతుంది కనుక, ఏ సమీక్ష చదివినా ముందు ఆ లెక్కను వెతకండి.

ఇప్పటికే ఉన్న కంప్యూటరులో ప్రాసెసర్ మార్చాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. మీరు ఆడే ఆటలోనే రిజల్యూషన్‌ను, అంటే బొమ్మలోని చుక్కల సంఖ్యను, బాగా తగ్గించి చూడండి. ఫ్రేములు గణనీయంగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు, పెరగకపోతే అడ్డు ప్రాసెసర్. టాస్క్ మేనేజర్‌లో మొత్తం ప్రాసెసర్ వినియోగం 30 శాతమే ఉంది కాబట్టి ప్రాసెసర్‌కు ఇంకా సత్తువ ఉందని అనుకోవడం సరికాదు. 12 థ్రెడ్లలో ఒకటి పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది సుమారు 8 శాతంగానే కనిపిస్తుంది. నిండిపోయిన ఆ ఒక్కటే ఆటను ఆపుతూ ఉండవచ్చు.

పోటీదారుల్లో ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 5600 రెండూ 2022 నాటివి, రెండూ ఆరు కోర్లవి. పాత తరపు డీడీఆర్4 ర్యామ్ ఇప్పటికే చేతిలో ఉన్నవారికి ఈ రెండూ మంచి బేరమే, ఎందుకంటే 7600 కూర్చునే ఏఎం5 సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ అమరే చోటు) కొత్త తరపు డీడీఆర్5ను తప్ప మరొకదాన్ని అంగీకరించదు. ర్యామ్ ధరలు మండిపోతున్న కాలంలో ఈ నిబంధన 7600కు నిజమైన భారమే. కానీ ఆ రెండు ప్రాసెసర్ల సాకెట్లకూ ముందు దారి పెద్దగా లేదు. 12400ఎఫ్ కూర్చునే ఎల్‌జీఏ1700 ఇంటెల్ 14వ తరంతో ఆగిపోయింది. ఏఎం5లోకి మాత్రం, బయోస్‌ను (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్‌ను) నవీకరించుకుంటే 2024లో వచ్చిన 9800ఎక్స్3డీ వంటి మేటి ప్రాసెసర్ కూడా అదే మదర్‌బోర్డులో ఇముడుతుంది. ఈ సాకెట్‌ను 2027 వరకూ, ఆపైనా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది.

పేరులోని అంకెలను నమ్మి కొనడం ఈ తరగతిలో అన్నిటికన్నా ప్రమాదకరం. రైజెన్ 5 5500 పేరు 5600కు పక్కనే ఉన్నా, దాని ఎల్3 క్యాష్ 16 ఎంబీ మాత్రమే, గ్రాఫిక్స్ కార్డుకు సమాచారం వెళ్లే దారి అయిన పీసీఐఈ కూడా 3.0తో ఆగిపోయింది. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 వంటి కార్డులు ఆ దారిలోని ఎనిమిది లేన్లతోనే (వరుసలతోనే) పనిచేస్తాయి కనుక, వాటిని దీనితో జతచేస్తే 5600తో పోలిస్తే అందుబాటులో ఉన్న దారి సగానికి పడిపోతుంది. అలాగే 8400ఎఫ్ అన్న అంకె 7600 కన్నా పెద్దదే అయినా దాని క్యాష్ కూడా 16 ఎంబీయే. అంకె పెద్దదని అక్కడ ఎక్కువ చెల్లించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

క్యాష్ ఎక్కువైతే ఏమవుతుందో పేరు చివర ఎక్స్3డీ అని ఉండే, 96 ఎంబీ క్యాష్ గల ఏఎండీ ప్రాసెసర్లు చూపించాయి. కావలసిన సమాచారం కోసం ర్యామ్ దాకా వెళ్లిరావడం తగ్గడంతో, వేలాది వస్తువుల కదలికను లెక్కగట్టే నగర నిర్మాణ ఆటల్లోనూ, విమాన సిమ్యులేటర్లలోనూ, ఎక్కువ రిఫ్రెష్ రేటు తెరల మీద ఆడే పోటీ ఆటల్లోనూ వీటి ఆధిక్యం స్పష్టం. మీరు ఆడేవి ప్రధానంగా అవే అయితే 7800ఎక్స్3డీకి పెట్టే ఖర్చు వృథా కాదు. మధ్యస్థ కార్డుతో, 1440పీ తెర మీద కథా ప్రధానమైన ఆటలు ఆడేవారికి మాత్రం ఆ అదనపు సొమ్మును కార్డు మీద పెట్టడమే లాభం. ఇప్పటికే 5600 కూర్చునే ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవారు 7600 కోసం బోర్డు, ర్యామ్ అన్నీ మార్చనక్కర్లేదు. 5700ఎక్స్3డీ సరైన ధరకు దొరికితే అదొక్కటి మారిస్తే సరిపోతుంది.

7600లో లోపాలు లేకపోలేదు. పెట్టెలో వచ్చే రేత్ స్టెల్త్ కూలర్ పని నెరవేరుస్తుంది కానీ, ఎక్కువసేపు భారం పడినప్పుడు ఫ్యాను శబ్దం గదిలో వినిపిస్తుంది. నిశ్శబ్దం కోరేవారు ఒక సాధారణ టవర్ కూలర్ కొనుక్కోవడం మంచిది. రేత్ స్టెల్త్‌ను బిగించే ముందు మదర్‌బోర్డు మీది ప్లాస్టిక్ బ్రాకెట్లను విప్పేయాలి, ఆ తర్వాత నాలుగు స్ప్రింగు మరలనూ మూలమూలగా కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించాలి. ప్రాసెసర్ పైకప్పు అంచుల్లో ఎనిమిది చోట్ల గాడులు ఉండడం వల్ల వేడిని కూలర్‌కు చేరవేసే పేస్టు ఎక్కువ వేస్తే అది వాటిలోకి జారుతుంది, కనుక పొదుపుగా వేయండి. మొదటిసారి మీట నొక్కినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకునే ప్రక్రియ వల్ల తెర కొన్ని నిమిషాల పాటు నల్లగానే ఉండవచ్చు. అప్పుడు కంగారుపడి కరెంటు తీసేయకూడదు. తెర వెలిగాక బయోస్‌లోకి వెళ్లి ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పో అమరికను ఆన్ చేయండి. అది చేయకపోతే 6000 వేగపు ర్యామ్ కొన్నా తక్కువ వేగంతోనే నడుస్తుంది. ర్యామ్‌ను ఒకే కడ్డీగా కాక రెండు కడ్డీల జతగా కొని, బోర్డు పుస్తకంలో చూపిన రెండు గాడుల్లోనే పెట్టండి.