డిక్కీకి తగిలించే సైకిల్ ర్యాక్: రెండు సైకిళ్ల వరకు ఓకే
కారు డిక్కీకి పట్టీలతో బిగించే రకం ఇది. నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి రెండు సైకిళ్లు వేసుకుని వెళ్తే బాగానే నిలబడింది, కాకపోతే స్పీడ్ బ్రేకర్లు నాలుగు దాటేసరికి పట్టీలు వదులవుతాయి, దారిలో ఆగి మళ్లీ లాగి బిగించుకోవాల్సిందే. బయటి సైకిల్ పెడల్ లోపలి దాని ఫ్రేమ్‌ని గీకేస్తుంది, మధ్యలో పాత లుంగీ చుట్టండి. లేడీస్ సైకిల్‌కి పైన కడ్డీ ఉండదుగా, దానికి వేసే అడ్డకడ్డీ విడిగా కొనాలట, ఇంత డబ్బు తీసుకుని అదేం పిసినారితనమో! పట్టీల కొక్కేలు డిక్కీ రేకు అంచుకే పడాలి, డిక్కీ పైన రెక్కలా ఉండే ప్లాస్టిక్ స్పాయిలర్‌కి తగిలిస్తే అది విరుగుతుంది. టైరు సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా వేలాడకుండా చూసుకోండి, వేడికి పాడవుతుంది. నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనపడకపోతే హైవే మీద అదో టెన్షన్. మూడు సైకిళ్లు పడతాయని రాశారు గానీ, మూడోది నేనైతే పెట్టను.