తొమ్మిదేళ్ల వాడకం తరువాత మా ఇంటి నీటి లైన్ల అమరిక

2016లో హైదరాబాదు శివారులో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నప్పుడు, గొట్టాలు ఏ కంపెనీవి కొనాలన్న దాని మీద మా ఇంట్లో నెల రోజులు చర్చ జరిగింది. అవి ఏ గోడలో ఎటు పోవాలన్నది మాత్రం ప్లంబరు ఒక మధ్యాహ్నం సుద్దముక్కతో గోడల మీద గీసి తేల్చేశాడు. తొమ్మిదేళ్లు వాడిన మీదట మేము వేయించిన సీపీవీసీ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) గొట్టాల మీద నాకు ఫిర్యాదు లేదు. పడిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ సుద్దగీతల నుంచి పుట్టినవే.

అన్నిటికంటే ఎక్కువ విసిగించినది పై అంతస్తు షవరు. ట్యాంకు అడుగు డాబా మీద ఐదడుగుల ఎత్తున ఉంది, పైకప్పు ఎత్తు పదడుగులు, షవరు నేల నుంచి ఏడడుగులు. అంటే ట్యాంకులో నీరు అడుగంటే వేళకు షవరు మీద మిగిలే నీటి ఎత్తు ఎనిమిది అడుగులే. పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది కాబట్టి, మాకు దక్కేది దాదాపు పావు కిలో. ఈ లెక్క కట్టడానికి రెండు నిమిషాలు చాలు, అయినా షవరు కొనే ముందు ఎవరమూ కట్టలేదు. దీనికి తోడు బాత్రూములోకి వచ్చే లైను మొత్తం అర అంగుళం గొట్టంతో వేశారు. అర అంగుళం సీపీవీసీ లోపలి వ్యాసం పన్నెండున్నర మిల్లీమీటర్లు, ముప్పావు అంగుళానిది పద్దెనిమిది పైచిలుకు. నీరు పారే జాగా రెట్టింపుకు మించి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా బకెట్టు నింపడానికి కుళాయి తిప్పితే షవరు సన్నబడిపోయేది. రెండేళ్ల క్రితం ఆ ఒక్క బాత్రూము లైనును ముప్పావు అంగుళానికి మార్పించి, కుళాయిల దగ్గర మాత్రమే అర అంగుళం ఉంచాము. పావు కిలో ఒత్తిడి పావు కిలోగానే ఉంది గానీ, బకెట్టు గొడవ తీరింది.

మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన ఆరుగురికి 810 లీటర్లని, బోరు నీటికి వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టాము; అది ఇప్పటికీ సరిపోతోంది. నగర కుళాయిల్లో వచ్చే మంజీరా నీళ్లకు వేరే చిన్న ట్యాంకు, అక్కడి నుంచి వంటింటికి వేరే లైను వేయించాము. మా బోరు నీటి ఉప్పుకు గీజరు, షవరు రంధ్రాలు తెల్లగా పేరుకుపోయాయి గానీ వంటింటి కుళాయికి ఆ బాధ లేదు. ప్రతి బాత్రూముకు విడిగా బాల్ వాల్వు ఉండడం వల్ల, ఒకచోట మరమ్మతు జరిగితే ఇల్లంతా నీళ్లు ఆపుకోవలసిన పని రాలేదు.

నాలుగో ఏట కింది బాత్రూము గోడ చెమ్మగిల్లింది. కుళాయి బిగించే ఇత్తడి మరల ఫిట్టింగు దగ్గర పగులు. బిగించేటప్పుడు దారం ఎక్కువ చుట్టి, పానాతో అవసరానికి మించి తిప్పడమే కారణమని విప్పి చూసిన మనిషి అన్నాడు. ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి మా తమ్ముడు తీసిన ఫొటోలు అప్పుడు అక్కరకొచ్చాయి. అప్పట్లో వాటిని చూసి నవ్విన వాళ్లలో నేనూ ఒకణ్ణి. వాటిని బట్టి కొలుచుకుని ఒకే ఒక టైలు పగలగొట్టాము.

డ్రైనేజీ వైపు చెప్పుకోదగిన లోపమేమీ లేదు. వాడని అతిథి బాత్రూములో నహానీ ట్రాపులో (నేల మీది జాలీ కింద నీరు నిలిచి వాసనను ఆపే వంపులో) నీరు ఎండి వాసన వస్తే, వారానికొక చెంబు నీళ్లు పోస్తే సరిపోతోంది.

డాబా మీద ఎండకు విడిచిపెట్టిన గొట్టాల సంగతి వేరు. రంగు వేయించాలని ఎవరికీ తోచలేదు. ఆరో ఏటికి అవి పసుపెక్కి పెళుసుబారాయి, కోతి ఒకటి దూకితే ట్యాంకు పక్కన మూడు గొట్టాలను కలిపే "టీ" ముక్క విరిగింది. దాన్ని మార్చి మిగతావాటికి తెల్లరంగు పూయించాను గానీ, గాలి బయటకు పోవడానికి ఉండవలసిన నిలువు గొట్టం మాత్రం మొదట్లో వేయలేదు, ఇప్పటికీ లేదు. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండిన ప్రతిసారీ పై అంతస్తు కుళాయిలు కాసేపు దగ్గుతూనే ఉంటాయి.