పసిపిల్లల కంట్లో నీళ్లు కారుతుంటే మసాజ్ చేస్తూ ఆగడం మేలా, ప్రోబింగ్ (మూసుకున్న కన్నీటి దారిని సన్నటి తీగతో తెరవడం) చేయించడం మేలా?

మా బాబుకి పుట్టిన మూడో వారం నుంచే ఎడమ కన్ను నీళ్లు కారేది. పొద్దున లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అతుక్కుపోయేవి, కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి మెల్లగా తుడిస్తే గానీ కన్ను తెరిచేవాడు కాదు. మా అత్తయ్య చనుబాలు చుక్క వెయ్యమన్నారు, పక్కింటి పిన్నిగారు ఆముదం కాటుక పెట్టమన్నారు. పెద్దవాళ్లు ప్రేమతోనే చెప్తారు కానీ ఆ రెండూ వద్దండి, వాటితో మూసుకున్న దారి తెరుచుకోదు సరికదా ఇన్‌ఫెక్షన్ పట్టుకోవచ్చు.

అసలు జరిగేది ఏంటంటే, కన్నీళ్లు కంటి మూల నుంచి ముక్కులోకి దిగడానికి సన్నటి గొట్టం ఉంటుంది, దాని కింది చివర ఒక పల్చటి పొర పుట్టేటప్పటికి తెరుచుకోవాలి, కొంతమందికి తెరుచుకోదు. అంతే. దాదాపు 90 శాతం పిల్లలకి ఏడాది నిండేలోపు దానంతట అదే తెరుచుకుంటుంది. అందుకే నా ఓటు ముందు మసాజ్‌కే.

కానీ మసాజ్ అంటే మసాజ్‌లా చెయ్యాలి. మేం మొదట చూపించుకున్న చోట చీటీ మీద "మసాజ్" అని రాసిచ్చి పంపేశారు, ఎలా చెయ్యాలో చూపించలేదు, నేను రెండు నెలలు ముక్కు పక్కన ఊరికే నిమురుతూ కూర్చున్నా, ఇప్పటికీ బాధేస్తుంది. తర్వాత ఇంకో డాక్టరమ్మ నా వేలు పట్టుకుని చూపించారు. గోరు బాగా కత్తిరించుకుని, వేలి కొనని కంటి లోపలి మూలలో, ముక్కు ఎముక ఆనే చోట పెట్టి, గట్టిగా నొక్కుతూ కిందికి లాగాలి, ఒక్కోసారికి 5 నుంచి 10 సార్లు, రోజుకి మూడు నాలుగు పూటలు. సరిగ్గా నొక్కితే కంటి మూలలోంచి పచ్చటి చీము చుక్క పైకి వస్తుంది, అది చూసి భయపడ్డా కానీ వేలు సరైన చోట పడింది అనడానికి అదే గుర్తంట.

ఇక ప్రోబింగ్. పేరుకి ఆపరేషన్ కానీ కోత లేదు, కుట్లు లేవు, కట్టు ఉండదు. రెప్ప అంచున ఉండే చిన్న రంధ్రంలోంచి సన్నటి స్టీలు తీగ పంపి ఆ పొరని తెరుస్తారు, తర్వాత రంగు కలిపిన నీళ్లు పంపి ముక్కులోకి వస్తున్నాయో లేదో చూస్తారు. పని కొన్ని నిమిషాలే. ఇది రెండు రకాలుగా చేస్తారు, అసలు తర్జనభర్జన ఇక్కడే.

కొందరు డాక్టర్లు ఏడాది లోపే మత్తు లేకుండా కంట్లో చుక్కల మందు వేసి, దుప్పట్లో బిగించి చుట్టి, తల పట్టుకుని చేసేస్తారు. ఖర్చు తక్కువ, మత్తు భయం లేదు, నెలల తరబడి పుసులు తుడిచే బాధ తప్పుతుంది. కానీ అమెరికాలో ఒక స్టడీలో 6 నుంచి 10 నెలల పిల్లలకి చెయ్యకుండా ఆగి చూస్తే ఆరు నెలల్లో మూడింట రెండొంతుల మందికి దానంతట అదే తగ్గిపోయింది. అంటే తొందరపడితే అక్కర్లేని చాలామందికి కూడా చేసేసినట్టే కదా. మెలకువగా ఉన్న బిడ్డని అలా అదిమి పట్టుకోవడం నాకైతే మనసొప్పలేదు.

రెండోది ఏడాది నిండాక పూర్తి మత్తులో. మత్తు అనగానే మా ఆయన, నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది మూడేళ్ల లోపు పిల్లలకి మూడు గంటలు దాటిన మత్తు గురించి, మళ్లీ మళ్లీ ఇచ్చే మత్తు గురించి, ప్రోబింగ్‌కి ఇచ్చేది ఒక్కసారి, కొద్దిసేపు. అయినా పిల్లల కంటి డాక్టరు, పిల్లలకి మత్తివ్వడం అలవాటున్న డాక్టరు ఇద్దరూ ఉన్న చోటే చేయించండి, దూరమైనా పర్లేదు. మావాడికి 13వ నెలలో చేశారు. బయటికి తెచ్చాక గొంతు బొంగురుపోయేలా ఏడ్చాడు, ముక్కులో కాస్త రక్తపు చార, సాయంత్రానికి ఇంట్లో పాకుతున్నాడు.

కాబట్టి ఏడాది వరకు సరైన మసాజ్, అప్పటికీ కారుతుంటే ప్రోబింగ్, ఇంకా ఇంకా వాయిదా వెయ్యకండి, ఆలస్యమైతే ఒక్కసారితో పోకుండా గొట్టంలో సిలికాన్ ట్యూబు పెట్టాల్సి రావచ్చు.

ఒక్కటి మాత్రం ఆగే పని కాదు. కంటి మూల ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, పుట్టగానే అక్కడ నీలంగా బుడిపె కనిపించినా, వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటున్నా, నల్లగుడ్డు మసకగా, పెద్దగా ఉన్నా అదే రోజు వెళ్లండి, నీళ్లు కారడం గ్లాకోమాలో (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు) కూడా ఉంటుంది.

డేటు మాత్రం 11వ నెలలోనే మాట్లాడుకోండి. జలుబు, దగ్గు ఉంటే మత్తు ఇవ్వరు, మాకు ఆ జలుబు వల్లే రెండుసార్లు వాయిదా పడింది, రెండుసార్లూ పొద్దున పాలు ఆపి ఏడిపించి తీసుకెళ్లి వెనక్కి తెచ్చాం.